కంట్లో మిగిలిన ఇనుము

మా పెద్దనాన్న పోయిన సంగతి ఆయన కొడుకు, మా అన్న, ఫోన్ చేసి చెప్పాడు. "నాయిన పోయిండు చెల్లె" అన్నాడు, అంతే. ఆ తర్వాత ఫోన్ చెవికి పెట్టుకునే ఏడుస్తున్నాడు. వెనకాల సీతాఫల్‌మండి గల్లీలో ఎవరిదో స్కూటర్ స్టార్ట్ కావడం లేదు, కిక్కు మీద కిక్కు కొడుతున్నారు. మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో అప్పుడే కుక్కర్ పెట్టాను. పొయ్యి ఆపి, చేతికి అందిన చెప్పులు వేసుకుని బయలుదేరాను.

కర్మ అయ్యేదాకా వచ్చినవాళ్లందరూ నన్ను ఒకటే అడిగారు, ఏం జబ్బని. వెన్నులో గడ్డ అని చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ ఆయన కంట్లో, నువ్వుగింజలో సగం కూడా లేని ఒక ఇనుప తునక ఉండేది. దాని సంగతి చెప్పకుండా ఆయన చావు గురించి చెబితే సగమే చెప్పినట్టు. కొందరు "విధి" అన్నారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. విధి మీదికి తోసేస్తే ఎవరూ ఏమీ నేర్చుకోనక్కర్లేదు కదా. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దనాన్న అంటే మా నాన్నకు అన్న. రాణిగంజ్ వెనక గల్లీలో ఒక చిన్న లేత్ షాపులో బతుకంతా పనిచేశాడు. ఇనుప కడ్డీని మిషన్‌కు బిగించి, తిప్పుతూ, చెక్కుతూ మోటార్లకు కావలసిన భాగాలు తయారుచేసే పని. సాయంత్రం ఇంటికి రాగానే సబ్బుపొడిలో కట్టెపొట్టు కలిపి మోచేతుల దాకా తోముకునేవాడు. ఎంత తోమినా గోళ్ల చుట్టూ నల్లగీత పోయేది కాదు. "నా చేతులు చూస్తె నేనెవరో పోలీసోడు సుత చెప్తడు" అనేవాడు. నాకు చిన్నప్పుడు మిగిలిపోయిన ఇత్తడి ముక్కతో ఒక బొంగరం చెక్కి ఇచ్చాడు. మా గల్లీలో మగపిల్లల కట్టె బొంగరాలన్నీ దాని దెబ్బకు పగిలిపోయాయి. ఆడపిల్లకు బొంగరమేమిటని మా అమ్మ గొణిగితే, "ఆడపిల్ల తిప్పితె తిరగనని బొంగరం అన్నదా?" అని అడిగాడు.

మా పెద్దమ్మకు పుట్టుకతోనే వినికిడి లేదు, మాట రాలేదు. పెళ్లిచూపులప్పుడు పెద్దలు ఆ సంగతి నసుగుతూ చెబితే ఆయన, "పొద్దంత మిషన్ మోత వింట. ఇంటికొస్తె జెర సప్పుడు లేకుంటె మంచిదే గద" అన్నాడట. తర్వాత ఆయనే అందరికీ చెప్పుకుని నవ్వేవాడు: "మోసపోయిన. దీని చేతుల మోత మిషన్ మోత కంటె ఎక్కువున్నది."

నిజమే. ఆమె చేతులు ఊరుకునేవి కావు. ఎవరూ నేర్పని భాష, ఇద్దరూ కలిసి కట్టుకున్నది. అందులో ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉంటుంది. పిడికిలి గుండ్రంగా తిప్పితే పెద్దనాన్న. జడ లాగినట్టు చేస్తే నేను. ముక్కు తుడుచుకున్నట్టు చేస్తే మా అన్న, వాడికి పెళ్లయి పిల్లలు పుట్టినా ఆ గుర్తు మారలేదు. సెలవుల్లో వాళ్లింట్లోనే ఉండేదాన్ని కాబట్టి నాకూ ఆ భాష వచ్చింది. ఆయన షాపు నుంచి రాగానే గుమ్మంలోనే మొదలయ్యేది: ఎవరింట్లో కొట్లాట, కూరగాయలబ్బి తూకంలో ఎట్లా దగా చేశాడు, పక్కింటి కోడలు ఎందుకు అలిగింది. ఆయన చాయ్ తాగుతూ చూస్తూనే ఉండేవాడు. ఇంకో పనిమీద కన్ను తిప్పితే ఆమె మోకాలి మీద ఒక్కటిచ్చేది. సాయంత్రం కరెంటు పోతే ఇద్దరి సంభాషణ మధ్యలో తెగిపోయేది. అప్పుడు ఆయన టార్చి వెతికి ఆమె చేతుల మీద వెలుతురు వేసేవాడు, ఆమె మిగతాది చెప్పేది. ఆ ఇంట్లో చీకటి అంటే మాట లేకపోవడమే.

షాపు సంగతికి వస్తాను. లేత్ దగ్గర, గ్రైండర్ దగ్గర ఇనుప రజను ఎగురుతూనే ఉంటుంది, కంట్లో పడుతూనే ఉంటుంది. సేఠ్ ఒకసారి కళ్లద్దాలు తెచ్చి ఇచ్చాడు. అవి మేకుకు వేలాడుతూ దుమ్ము పట్టాయి. చెమటకు మసకబారతాయని, ఇనుము మీద గీసిన గీత సరిగా కనబడదని ఎవరూ పెట్టుకోలేదు. అద్దాల పక్క మేకుకే పాత లౌడ్‌స్పీకర్‌లోంచి ఊడదీసిన ఒక అయస్కాంతం ఉండేది. ఎవరి కంట్లో రజను పడ్డా పెద్దనాన్న దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన వాళ్లను వెలుతురు వైపు తిప్పి, అగ్గిపుల్ల మీద రెప్ప మడిచి, అయస్కాంతాన్ని మెల్లగా దగ్గరికి తెచ్చేవాడు. తునక దానంతట అదే లేచి వచ్చి అతుక్కునేది. ఒకసారి నేను కళ్లారా చూశాను. పక్క షాపు వెల్డింగ్ భాయ్ స్టూలు మీద కూర్చుని గజగజలాడుతుంటే, "చెయ్యి వణికినా పర్వాలేదు భాయ్, కన్ను కదలొద్దు" అంటూ ఆ పని క్షణంలో చేసేశాడు. ఆ గల్లీలో ఆయనకు పెద్దాసుపత్రి అని పేరు. ఆ పేరంటే ఆయనకు గర్వం.

ఒక రోజు గ్రైండర్ మీద పనిముట్టుకు పదును పెడుతుంటే ఆయన ఎడమ కంటికే ఏదో తగిలింది. వెల్డింగ్ భాయ్ అయస్కాంతం పట్టాడు, ఏమీ రాలేదు. కన్ను ఎర్రబడింది, ధారగా నీళ్లు కారాయి. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేసుకున్నాడు. కొన్నాళ్లకు ఎరుపు తగ్గింది, నొప్పి పోయింది, చూపు బాగానే ఉంది. "కన్నీళ్లల్ల కొట్టుకపోయింది" అన్నారు షాపులో అందరూ, ఆయనా అదే అన్నాడు. నొప్పి లేకపోతే ముక్క కూడా లేనట్టే అని వాళ్ల లెక్క. అది దెబ్బ అని, డాక్టరుకు చూపించాలని, గుర్తుపెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. అక్కడ కంట్లో రజను పడటం మన ఇళ్లల్లో ఉల్లిపాయ కోస్తే నీళ్లు రావడం లాంటిది.

పని మానేశాక ఆయనకు మెడనొప్పి, వేళ్ల తిమ్మిరి వచ్చాయి. డాక్టరు మెడకు ఎంఆర్ఐ రాశాడు. సికింద్రాబాద్‌లోనే ఒక స్కానింగ్ సెంటర్‌కు ఆయన, పెద్దమ్మ, అన్న, నేను వెళ్లాం. పెళ్లికి వెళ్లినట్టు వెళ్లాం, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అక్కడ మిషన్ నడిపే అమ్మాయి చాలా జాగ్రత్త మనిషి. ఉంగరం, బెల్టు, మొలతాడుకున్న తాయెత్తు అన్నీ తీయించింది. దగ్గరికి రాబోయిన పెద్దమ్మను ఆపి, గాజులకు తగిలించుకున్న పిన్నీసులు చూపించి వెనక్కి పంపింది.

"గింత పిన్నీసు గూడ గుంజుతదా బిడ్డా?" అని పెద్దనాన్న అడిగాడు.

"పిన్నీసు ఏంది తాతా, ఆక్సిజన్ సిలిండర్ సుత ఎగిరొచ్చి మనిషికి తాకుతది. వీల్‌చైర్ గుంజుకుంటది."

"మరి మిషన్ బంద్ చేసి ఉన్నది గద ఇప్పుడు."

"అయస్కాంతం ఎప్పుడూ బంద్ కాదు. కరెంటు పోయినా గుంజుతనే ఉంటది."

ఆయన కళ్లు మెరిశాయి. "అయితె ఇది మా షాపుల అయస్కాంతానికి తాత అన్నట్టు" అన్నాడు. తన వృత్తి వస్తువు ఒకటి ఇంత పెద్దదై కనిపించినందుకు ఆయనకు సంతోషమే కలిగింది.

ఆ అమ్మాయి వరసగా అడిగింది. ఒంట్లో రాడ్లున్నాయా, గుండెలో మిషన్ ఉందా, ఆపరేషన్లో క్లిప్పులేమైనా వేశారా. లేదు, లేదు, లేదు. చివరికి, "ఎప్పుడన్నా కంట్ల ఇనుప ముక్క పడ్డదా?" అని కూడా అడిగింది.

పెద్దనాన్న పెద్దగా నవ్వాడు. "పడనిదెప్పుడు బిడ్డా? పడ్డయన్ని తీసేసినం. నేనే తీస్త అందరియి."

ఆమె ఒక్క క్షణం ఆగింది. బయట బల్లల మీద జనం, లోపల నుంచి ఎవరో ఇంకా కాలేదా అని పిలుస్తున్నారు. తలూపి ఆయన్ని లోపలికి తీసుకెళ్లింది.

ఆ తర్వాత జరిగింది ఆయనే చెప్పాడు. బల్ల సొరంగంలోకి జరుగుతున్నప్పుడు ఎడమ కంట్లో చీమ కుట్టినట్టయింది. తర్వాత సూది కాల్చి గుచ్చినట్టయింది. చేతిలో రబ్బరు బుడ్డి ఉంది, ఏ ఇబ్బంది వచ్చినా నొక్కమని చెప్పారు. ఆయన నొక్కలేదు. ఎందుకు నొక్కలేదని నేను అరిచినంత పనిచేస్తే, "కదలొద్దన్నరు గద. ఫొటో ఖరాబైతె మల్ల ఆ పిల్లకు తక్లీఫ్" అన్నాడు. పని చేసేచోట ఎదుటివాడి పని చెడగొట్టకూడదన్నది ఆయనకు ఒంటబట్టిన గుణం. ఆ గుణం మీద నాకు ఎంత గౌరవముందో అంత కోపమూ ఉంది.

ఏదో జరిగిందని మొదట కనిపెట్టింది పెద్దమ్మ. ఆయన బయటికి రాగానే ఎడమ పక్కన నిలబడి, అయిందా, పోదామా, ఆకలి కాలేదా అని చేతులతో అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. ఆమె మళ్లీ అడిగింది. అప్పుడు ఆయన తలంతా ఆమె వైపు తిప్పి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, "అన్నిటి మీద ఎర్ర పరదా పడ్డది" అని మాతో అన్నాడు.

కంటి ఆసుపత్రిలో చెప్పారు. ఆ రోజు గ్రైండర్ దగ్గర తగిలిన ముక్క కన్నీళ్లలో పోలేదు. లోపలికి దిగి, దాని చుట్టూ మాంసం పెరిగి, అన్నేళ్లు కదలకుండా ఉండిపోయింది. పెద్ద అయస్కాంతం దాన్ని లాగి తిప్పింది. కన్నంతా నెత్తురు నిండింది. ఆపరేషన్ చేసి ముక్క తీశారు గానీ చూపు రాలేదు.

స్కానింగ్ అమ్మాయి ఆసుపత్రికి వచ్చి ఏడ్చింది. "నువ్వు అడిగినవు బిడ్డా, నేనే గొప్పకు పోయి షాన్ కొట్టిన" అని ఆయన ఆమెను ఓదార్చి పంపాడు. నేను ఓదార్చలేదు. కంట్లో ఇనుము పడ్డదని ఒక మనిషి నోటితో చెప్పాక, ముందు కళ్లకు ఎక్స్‌రే తీయకుండా ఆ గదిలోకి పంపకూడదు. అడగడం సగం పనే. ఆ మాట ఆమెతోనూ చెప్పాను, ఆమె పైవాళ్లతోనూ చెప్పాను.

ఇంటికొచ్చాక పెద్దమ్మ ఆయన కుడిపక్కకు మారింది. రోడ్డు మీద నడిచినా, మంచం మీద కూర్చున్నా, అన్నం పెట్టినా కుడివైపే. ఆయన రాణిగంజ్ గల్లీల్లో షాపు షాపుకూ తిరగడం షురూ చేశాడు. "మెటల్ ఉన్నదా అని ఆసుపత్రిల అడిగితె ఒంటి మీద చూసుకోకుండ్రి, చేసిన పనిల చూసుకోండ్రి" అని చెప్పేవాడు. పనివాళ్లు నవ్వితే ఆయనా నవ్వేవాడు: "చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నోన్ని నేను. మీరన్న ముందుగాల పట్టుకోండ్రి." వెల్డింగ్ భాయ్‌కి నడుం స్కాన్ రాసినప్పుడు ముందు ఎక్స్‌రే తీయించుకుంటే కంట్లో ముక్క కనిపించింది. భాయ్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆ రోజు పెద్దనాన్న మొహంలో చూసిన తృప్తి మళ్లీ చూడలేదు.

పోయినేడాది ఆయన కాళ్లు తడబడటం మొదలైంది. సీటీ స్కాన్‌లో వెన్ను దగ్గర గడ్డలాంటిది కనిపించింది. డాక్టరమ్మ ఎంఆర్ఐ మాట ఎత్తగానే ఈసారి పెద్దనాన్నే ముందుగా తన పని గురించి, పోయిన కన్ను గురించి అంతా చెప్పాడు. ఆమె కళ్లకు ఎక్స్‌రే రాసింది. కుడి కంట్లో కూడా ఒక తెల్లచుక్క ఉంది. ఇది ఎప్పుడు పడిందో ఆయనకే తెలియదు. అప్పట్లో ఎడమ కంటికే ఎక్స్‌రే తీశారు; మొదటి స్కాన్‌లో ఇది కదలకపోవడం వట్టి అదృష్టమని, మళ్లీ అట్లా ఉంటుందని నమ్మలేమని డాక్టరమ్మ అంది. కళ్లకు కూడా సీటీ తీసి, కంటి వెనక, చూపు పొర దగ్గర ఉందన్నారు.

"గిది తియ్యొచ్చా మేడం?"

"తీయొచ్చు. కానీ బాగా లోతుగా ఉంది. తీసేటప్పుడు చూపు పోయే ప్రమాదం ఎక్కువ."

"తియ్యకుండ మిషన్లకు పోతె?"

"పంపను."

"ఏం చెయ్యకుంటె?"

ఆమె చేతిలోని ఎక్స్‌రే పక్కన పెట్టింది. "గడ్డ ఎక్కడిదాకా పాకిందో, నరం ఎంత నలిగిందో ఎంఆర్ఐలోనే సరిగ్గా తెలుస్తుంది. అది లేకుండా ఆపరేషన్‌కు దిగితే చీకట్లో కత్తి పెట్టినట్టే. చేయకపోతే ముందు కాళ్లు పోతాయి. చేసినా బతుకుతారని మాట ఇవ్వలేను."

ఇంట్లో గొడవ అయింది. అన్న ఏడుస్తూనే అరిచాడు. "బతుకుడు ముఖ్యమా కన్ను ముఖ్యమా నాయినా? గుడ్డోళ్లు బతుకుతలేరా?"

"బతుకుతరు ర. ఎందుకు బతకరు" అన్నాడు పెద్దనాన్న. "వాళ్లకు చెవులతోటి నడుస్తది. నాకు మీ అమ్మ ఉన్నది. ఇన్నేండ్లల్ల అది నాకు ఎన్నడూ మూగది కాలె. కన్ను పోతె గప్పుడైతది."

నేను ఆ మాటలు పెద్దమ్మకు చేతులతో చెప్పాను. చెప్పకపోతే బాగుండదనిపించింది, అది ఆమె గురించిన మాట. ఆమె లేచి ఆయన ముందుకు వచ్చింది. తన ఎడమ అరచేత్తో ఆయన కుడి కన్ను మూసింది. ఆయన చేతిని తీసి తన కుడి చేతి మీద పెట్టుకుని, ఆ చేత్తో మెల్లగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చూపు లేకపోతే ఇట్లా తడిమి తెలుసుకో, నేను ఇట్లా చెబుతాను అని ఆమె ఉద్దేశం. ఆయన నల్లగీతల వేళ్లు ఆమె వేళ్ల వెంట తిరిగాయి. "అన్నం" అన్నాడు. ఆమె తలూపింది, ఆయనకు కనబడదని మరిచిపోయి. మళ్లీ చెప్పింది. ఆయన వేళ్లు వెతుకుతూనే ఉన్నాయి. "సమజైతలేదు" అన్నాడు. ఇంకా మెల్లగా చెప్పింది. ఆమె చెబుతున్నది నాకు కనిపిస్తూనే ఉంది: నువ్వు ఉండు, నాకు అది చాలు. ఆయనకు అందులో ఒక్కటీ అందలేదు. కొంతసేపటికి ఆయనే ఆమె చేతిని కంటి మీంచి తీసేసి, చిన్నగా తల అడ్డంగా తిప్పాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ తర్వాత ఆ సంగతి ఎవరం ఎత్తలేదు. ఉన్న పరీక్షలతోనే మందులు వాడారు, కరెంటు పెట్టించారు, అదే రేడియేషన్. గడ్డ ఆగలేదు. కాళ్లు పోయాయి, తర్వాత నడుము నిలవలేదు. ఆయన తీసుకున్నది సరైన నిర్ణయమేనా అని నన్ను అడగకండి. నాకు ఆయన ఇంకా కావాలి, అంతే తెలుసు. కానీ ఆ నెలల్లో మంచం పక్కన ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకోవడం చూశాను. ఒకసారి ఆమె ఏదో చెబితే ఆయన నవ్వు ఆపుకోలేక, "అమ్మో, నొస్తది, జెర ఆగు" అని చేతులెత్తి వేడుకోవడం చూశాను.

నేను వెళ్లేసరికి ఇల్లు జనంతో నిండిపోయింది. పెద్దనాన్నను హాల్లో పడుకోబెట్టారు. కుడి కన్ను ఇంకా తెరిచే ఉంది. అట్లా ఉంచకూడదని పెద్దవాళ్లు అంటున్నారు. ఎవరు చెయ్యి చాపినా పెద్దమ్మ తోసేస్తోందని అన్న చెప్పాడు. నన్ను చూడగానే వచ్చి, "నువ్వన్న చెప్పు చెల్లె" అన్నాడు. నేను చెప్పలేదు.

ఆమె ఆయన కుడిపక్కన మోకాళ్ల మీద కూర్చుంది. కొంగు నడుముకు దోపుకుంది. ఆయన కంటికి ఎదురుగా చేతులెత్తి చెప్పడం మొదలుపెట్టింది. జడ లాగినట్టు చేసింది: నేను వచ్చాను. ముక్కు తుడుచుకున్నట్టు చేసింది: అన్న ఏడుస్తున్నాడు, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. వెల్డింగ్ భాయ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పక్కింటి కోడలు చాయ్ పెడుతోంది. పాలు విరిగాయి. ఎప్పటిలాగే, తొందర లేకుండా, ఒక్కొక్కటి. ఆమె ఏమంటోందని ఎవరో నన్ను మోచేత్తో పొడిచి అడిగారు. మీకు కాదు అన్నాను.

చెప్పాల్సిందంతా అయ్యాక ఆమె చేతులు ఒడిలో పెట్టుకుని కాసేపు ఆయన్నే చూసింది. జవాబు వచ్చేంతసేపు చూసింది. తర్వాత వంగి, ఆ రెప్ప తానే మూసింది.